మీ ప్రశ్న: గుర్రపు పోటీలకు ఎనిమిది ఎకరాలు చాలుతాయా?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మాకు 8 ఎకరాల స్థలం ఉంది. మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. అక్కడ షో జంపింగ్ (గుర్రంతో అడ్డంకులు దూకించడం), డ్రెస్సేజ్ (రౌతు సైగలకు తగ్గట్టు గుర్రంతో అడుగులు వేయించడం) పోటీలకు మైదానం కట్టి, మిగతా రోజుల్లో పెళ్లిళ్లకు ఇద్దామనుకుంటున్నాం. ఆర్కిటెక్టు 500 మంది కూర్చునే గ్యాలరీ, రెండు మైదానాలు, గుర్రాల షెడ్డు గీసిచ్చారు. ఏమంటారు?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: స్థలం చాలుతుంది సార్. గ్యాలరీ మాత్రం తీసేయించండి. మన దగ్గర ఈ పోటీలు చూడ్డానికి వచ్చేది ఎక్కువగా రౌతుల తల్లిదండ్రులు, స్నేహితులే. వాళ్లకు షామియానా, కుర్చీలు, మంచి చాయ్ ఉంటే చాలు. ఆ డబ్బు నేల మీద పెట్టండి.

ఆరుబయట జంపింగ్ మైదానం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కనీసం 4,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం ఉండాలి. వెడల్పు 50 మీటర్లకు తగ్గకూడదు. డ్రెస్సేజ్‌కు 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. వార్మప్ మైదానం మీ ప్లాన్‌లో లేనే లేదు! గుర్రం అక్కడ ఒళ్లు సాగదీసుకుని నేరుగా పోటీలోకి వస్తుంది. రెండుచోట్లా ఒకే ఇసుక ఉండాలి, మధ్యదారిలో జనం అడ్డం రాకూడదు.

మీ వైపు కొన్నిచోట్ల ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద ఎంత ఖరీదైన ఇసుక పోసినా ఎగుడుదిగుడవుతుంది. ఆ మట్టి తీయించి, మొరం పోసి రోలర్ తిప్పించి, వంద అడుగులకు ఒక అడుగు వాలు ఇప్పించండి. పైన కడిగిన సిలికా ఇసుక. ఏటి ఇసుక చవకే గానీ, గుండ్రటి రేణువులు డెక్క కింద జారిపోతాయి. ఎకరం ఇసుకను రెండు మిల్లీమీటర్లు తడపాలన్నా 8,000 లీటర్ల నీళ్లు కావాలి, ఒక చిన్న ట్యాంకర్‌తో అయ్యే పని కాదు. ఏప్రిల్‌లో బోర్లు ఎండిపోయే చోట సంపు పెద్దది కట్టుకోండి. పోటీలు నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే గుర్రానికీ మనిషికీ సుఖం.

ఒక్కో గుర్రానికి 12 అడుగుల చదరం గది. గుర్రాల లారీలకు వేరే గేటు ఉండాలి, రివర్స్ తీసే పని లేకుండా చుట్టూ తిరిగి బయటపడాలి. జబ్బు అనుమానమున్న గుర్రాల కోసం మిగతా షెడ్డుకు దూరంగా రెండు గదులు విడిగా కట్టించండి. గుర్రాలకొచ్చే గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ అంటుతుంది, బయటపడితే ప్రభుత్వానికి తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి. రక్తపరీక్ష రిపోర్టు లేని గుర్రాన్ని గేటు దాటనివ్వకండి, యజమాని ఎంత పెద్దమనిషైనా సరే.

పెళ్లిళ్లంటారా, లాన్‌లో చేసుకోనివ్వండి, మైదానంలో వద్దు. స్టేజీ గుంజలు పాతితే కింద మొరం పాడవుతుంది. ఇసుకలో ఒక్క మేకు మిగిలినా గుర్రం కుంటుతుంది. బరాత్ డీజే, టపాకాయల మోతకు గుర్రాలు గదుల్లోనే గంతులేసి కాళ్లు విరగ్గొట్టుకోవచ్చు. అందుకే పోటీ రోజుల్లో, ముందు రాత్రి కూడా బుకింగ్ తీసుకోకండి.

ఇంకొకటి. ఫామ్‌హౌస్‌ల చుట్టూ అందం కోసం గన్నేరు వేస్తుంటారు. కొద్దిపాటి ఆకు తిన్నా గుర్రం చచ్చిపోతుంది, ఎండిన ఆకు కూడా విషమే. మీ ప్రహరీ పొడవునా ఉంటే వేళ్లతో సహా తీయించి, కొమ్మల్ని ఎండుగడ్డి పెట్టే చోటికి దూరంగా గోతిలో పూడ్పించండి.