మెయిన్‌ఫ్రేమ్‌పై పాత ఆటలు ఆడబోయే నీకు

చిరంజీవి బాబుకు పిన్ని ఆశీస్సులు.

మెయిన్‌ఫ్రేమ్ మీద, అంటే సంస్థల్లో ఎంతోమందికి ఒకేసారి పనిచేసే పెద్ద కంప్యూటర్ మీద, పాత ఆటలు ఆడాలని ఉందని నువ్వు రాసినందుకు చాలా సంతోషించాను. ముందే గట్టిగా చెబుతున్నాను, ఆఫీసు యంత్రం జోలికి వెళ్లకు. అక్కడ ప్రాసెసర్ వాడిన ప్రతి క్షణం లెక్కకెక్కుతుంది. నీ ల్యాప్‌టాప్‌నే మెయిన్‌ఫ్రేమ్‌లా నడిపించే హెర్క్యులిస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకో. 1999లో రోజర్ బౌలర్ మొదలుపెట్టిన ఈ ఉచిత ఎమ్యులేటర్ మీద ఐబీఎం వారి పాత మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8జే చక్కగా నడుస్తుంది. అన్నీ అమర్చిన టీకే5 ప్యాకేజీ తెచ్చుకుంటే సిస్టమ్‌ను మొదటి నుంచి కట్టుకునే శ్రమ ఉండదు.

మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడే తెర, కీబోర్డు అయిన 3270 టెర్మినల్ స్వభావం తెలియకపోతే మాత్రం మొదటి రోజే విసుగొస్తుంది. నువ్వు నొక్కే ప్రతి అక్షరం మెయిన్‌ఫ్రేమ్‌కు చేరదు. 24 వరుసల, 80 అక్షరాల వెడల్పు తెర మీద నువ్వు కొట్టినదంతా టెర్మినల్‌లోనే ఉండి, ఎంటర్ గానీ ఫంక్షన్ కీ గానీ నొక్కాకే ఒక్కసారిగా వెళుతుంది. ఒకే యంత్రం ఎంతోమందికి ఏకకాలంలో పనిచేసి పెట్టాలంటే అదే సరైన దారి. నాకది ఇప్పటికీ గొప్ప ఆలోచనే. కాబట్టి పరుగులు, కాల్పులు అక్కడ వెతకకు. చదరంగంలా ఆలోచించి ఎత్తు వేసే ఆటలే దానికి నప్పుతాయి.

మాటలు టైపు చేస్తూ గుహల్లో తిరిగే అడ్వెంచర్ అనే ఆటతో మొదలుపెట్టు. గుహల్లో తిరగడమంటే ఇష్టపడే విల్ క్రౌథర్, కెంటకీలోని మామత్ గుహను ఆధారం చేసుకుని మొదట పీడీపీ-10 అనే కంప్యూటర్ మీద ఫోర్ట్రాన్ భాషలో రాసిన ఆట అది. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. పక్కన కాగితం, పెన్సిలు ఉండాలి. అన్ని గదులూ ఒకేలా కనిపించే చోట గదికో వస్తువు వదిలేస్తూ వెళ్లు, పటం దానంతటదే తేలుతుంది. వెలుతురున్న చోట లాంతరు ఆర్పెయ్యి, లేకపోతే దాని బ్యాటరీ అయిపోతుంది. తొలి రూపాల్లో మాటకు మొదటి ఐదు అక్షరాలే లెక్క. ఈశాన్యానికి నార్త్‌ఈస్ట్ అని పూర్తిగా కొడితే ఉత్తరానికి పోతావు, ఎన్ఈ అని కొట్టు. పరిష్కారాలు నెట్‌లో మాత్రం చూడకు, దయచేసి.

నలుగురితో కలిసి ఆడాలనిపిస్తే ప్లేటో అనే పాత కంప్యూటర్ బోధనా వ్యవస్థ ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ వ్యవస్థ, 3270లా కాకుండా, ప్రతి కీకీ వెంటనే బదులిచ్చేది. 1973 నాటి ఎంపైర్ అనే అంతరిక్ష యుద్ధపు ఆటను, ప్లేటోను నెట్‌లో నడిపే సైబర్1లో ఖాతా తీసుకుని ఇప్పటికీ ఆడవచ్చు.

గుహలో ఎక్కడైనా చిక్కుకుంటే నీ పటం ఫొటో తీసి పంపు. దారి చెప్పను గానీ, ఏ గదిని సరిగా చూడలేదో చెబుతాను.

పిన్ని