ముందు కుక్క చెప్పేది విను

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. డిగ్రీ అయిపోగానే డాగ్ ట్రైనింగ్ నేర్చుకుంటానని, అదీ ఇంట్లో పెంచుకునే కుక్కలకు కాదు, పనిచేసే జాగిలాలకే శిక్షణ ఇస్తానని రాశావు. ఇంట్లో ఒప్పుకోవడం లేదన్నావు కదా, ఆ సంగతి నాకు వదిలెయ్, నేను మాట్లాడతాను. ఏ జాతి మంచిది, రోజుకు ఎన్ని గంటలు నేర్పాలి, ఎన్నాళ్లకు ట్రైనర్‌ని అవుతాను అని మూడు ప్రశ్నలు అడిగావు. మూడూ అడగాల్సినవే. కానీ నీ ఉత్తరం నిండా కుక్కకు నువ్వేం చెప్పాలనే ఉంది. కుక్క నీకేం చెబుతుందో ఒక్కచోటా లేదు. నా మట్టుకు ఈ పనంతా అందులోనే ఉందమ్మా.

నాకు ఈ ఇష్టం ఎలా మొదలైందో నీకెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు గొర్రెల మంద వెంట తిరిగే ఒక కుక్కను చూడ్డానికి రోజూ వెళ్లేవాణ్ని. కాపరి ఈల వేస్తే చాలు, చుట్టూ తిరిగి వెళ్లి తప్పిపోతున్న గొర్రెను మందలో కలిపేది. ఎవరూ కొట్టేవాళ్లు కాదు, తిండి చూపించేవాళ్లు కాదు. మరి ఎందుకు చేస్తోంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఉద్యోగం వయసు రాగానే కెన్నెల్‌లో, అంటే కుక్కలను ఉంచి శిక్షణ ఇచ్చే చోట, చేరాను. మొదట్లో అరలు కడగడం, గిన్నెలు తోమడం, బొచ్చు దువ్వడమే నా పని. తర్వాత కుక్కను వెంటపెట్టుకుని పని చేయించే హ్యాండ్లర్‌ని, ఆ తర్వాత ట్రైనర్‌ని అయ్యాను. ఇన్నేళ్ల తర్వాత కూడా పొద్దున్నే కెన్నెల్ తలుపు తీసేటప్పుడు ఆ కుర్రవాడి సంతోషమే నాలో ఉంటుంది.

నువ్వూ ఆ కడిగే పని దగ్గరే మొదలుపెట్టు. తక్కువ పని అనుకోకు. రోజూ ఒళ్లంతా చేత్తో తడిమితేనే కొత్తగా వచ్చిన వాపు తెలుస్తుంది. మలం చూస్తేనే కడుపు సంగతి తెలుస్తుంది. నిన్నటిదాకా గిన్నె నాకిన కుక్క ఈ రోజు సగం వదిలేసిందంటే ఏదో ఉంది. గ్రౌండ్‌లో పని సరిగ్గా చేయని కుక్కను మొండిదని అనే ముందు దాని పళ్లు, చెవులు, పాదాలు చూడు. నొప్పితో ఉన్న కుక్క మాట వినలేదని తిట్టడం అన్యాయం.

ఇక జాతి సంగతి. జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్, లాబ్రడార్, స్పానియల్, ఈ పేర్లన్నీ నీకు తెలిసినవే. 1899లో జర్మనీలో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి ఒక ప్రదర్శనలో నచ్చిన మందకుక్కను కొని, దానికి హోరాండ్ అని పేరు పెట్టాడు. జర్మన్ షెపర్డ్ జాతి కుక్కల పేర్లు నమోదు చేసే పుస్తకంలో మొదటి పేరు అదే. రూపం కన్నా పని ముందు అని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. తర్వాతి కాలంలో షోల కోసం పెంచిన వంశాలు ఒక దారిన, పని కోసం పెంచిన వంశాలు ఇంకో దారిన పోయాయి. కాబట్టి జాతి పేరు విని తృప్తిపడకు. తల్లి ఏం పని చేసింది, తండ్రి ఏం పని చేశాడు అని అడుగు. తుంటి ఎక్స్‌రేలు చూపించమను. షెపర్డ్‌లలో తుంటి కీలు లోపం వంశపారంపర్యంగా వస్తుంది.

కుక్కపిల్లను ఎంచుకునేటప్పుడు బంతి దొర్లించి చూడు. అందరూ పరుగెత్తే పిల్లను చూస్తారు. బంతి కనబడకుండా పోయాక కూడా వెతుకుతూనే ఉండే పిల్లను నువ్వు చూడు. దూరంగా ఒక గిన్నెను చప్పుడయ్యేలా నేల మీద పడేయ్. ఉలిక్కిపడటం తప్పు కాదు. తేరుకుని వెళ్లి ఆ గిన్నెను వాసన చూసే పిల్ల మనకు కావాలి. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా చూసినవి, విన్నవి, తొక్కినవి జన్మంతా గుర్తుంటాయి. ఇనప మెట్లు, జారే గచ్చు, లారీ చప్పుడు, గొడుగులు, పిల్లలు, అన్నీ అప్పుడే పరిచయం చెయ్యి. టీకాలు పూర్తి కాకపోతే మాత్రం బయటి కుక్కలు తిరిగే నేల మీద దించకు, చంకనెత్తుకుని తిప్పు. ఎత్తులు దూకించడానికి తొందరపడొద్దు. పెద్ద జాతులకు ఎముకలు గట్టిపడేసరికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

వాసన పని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నీకు ఇష్టమన్నావు కాబట్టి. స్నిఫర్ డాగ్ బాంబు కోసం వెతుకుతుందని అందరూ అనుకుంటారు. అది తన బంతి కోసం వెతుకుతుంది. ఆ వాసన ఉన్నచోటే బంతి వస్తుందని దానికి నమ్మకం కలిగించడమే మన శిక్షణ. వాసన దొరికి కదలకుండా కూర్చున్న క్షణంలోనే బంతి రావాలి. నువ్వు జేబులో తడుముకునేలోపు అది లేచి నీవైపు తిరిగితే, తిరిగినందుకే బంతి ఇచ్చావని అనుకుంటుంది. పేలుడు పదార్థాల కుక్కకు గోకడం అసలు అలవాటు కానివ్వకూడదు, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. వెతికేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వాసన కుక్కకు ఎదురుగా వచ్చేలా నడిపించు. వాసన తగలగానే తల చటుక్కున తిరుగుతుంది, ఊపిరి మారుతుంది, తోక ఊపు మారుతుంది. కూర్చోవడం ఆ తర్వాతి సంగతి. ఈ మార్పు ఒక్కో కుక్కలో ఒక్కోలా ఉంటుంది. నీ కుక్కది నువ్వే కనిపెట్టాలి.

ఇక్కడే అసలు చిక్కు. నువ్వు కుక్కను చూస్తున్నట్టే అది నిన్ను చూస్తూ ఉంటుంది. హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని ఒకప్పుడు బెర్లిన్ అంతా నమ్మింది. 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు విషయం తేల్చాడు. సరైన అంకె రాగానే అడిగిన మనిషి ఒంట్లో వచ్చే చిన్న కదలికను చూసి గుర్రం గిట్ట తట్టడం ఆపేస్తోంది. యజమాని మోసగాడేం కాదు, తను కదులుతున్నానని ఆయనకే తెలియదు. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 18 మంది హ్యాండ్లర్లతో, వాళ్ల కుక్కలతో ఒక పరీక్ష చేశారు. ఎర్ర కాగితం గుర్తున్న చోట వాసన ఉంటుందని చెప్పారు. నిజానికి ఎక్కడా ఏమీ పెట్టలేదు. అయినా కుక్క వాసన పట్టిందని హ్యాండ్లర్లు రెండు వందలకు పైగా సార్లు చెప్పారు.

అందుకే వస్తువును నువ్వే దాచి నువ్వే వెతికిస్తే అది ప్రాక్టీస్ కాదు. ఇంకొకరు దాచాలి, ఎక్కడ దాచారో నీకు తెలియకూడదు, దాచినవాళ్లు అక్కడ నిలబడకూడదు. అన్ని పెట్టెలనూ ఒకేలా ముట్టుకోవాలి, లేకపోతే మనిషి చేతి వాసన పట్టుకుని కుక్క గెలుస్తుంది. కొన్ని గదుల్లో ఏమీ పెట్టొద్దు. ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పగలిగే కుక్కనే నేను నమ్ముతాను. దాని మాట మీద రేపు ఎవరైనా అరెస్టు కావచ్చు, ఎవరి ప్రాణమైనా పోవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో గైడ్ డాగ్‌ల శిక్షణ మొదలైంది. ఆ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది, మాట వినకూడని సమయంలో వినకపోవడం నేర్పడం. యజమాని ముందుకు వెళ్దామంటాడు, ఎదురుగా కారు వస్తోంది, కుక్క కదలదు. భయంతో పనిచేసే కుక్క ఇలా ఎదురు నిలవలేదు. కొట్టి నేర్పించే ట్రైనర్ ఎంత పేరున్నవాడైనా అతని దగ్గర చేరొద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. దెబ్బ తిన్న కుక్క తనకు తెలిసింది చెప్పడం మానేసి, నీకు ఏం కావాలో ఊహించడం మొదలుపెడుతుంది.

గంటల లెక్క అడిగావు. కుక్కపిల్లకు ఐదు నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు చాలు. ఇంకా కావాలని అది ఎగురుతున్నప్పుడే ఆపెయ్. ఎండలో ఇంకా తక్కువ. కుక్క వేడిని ముఖ్యంగా రొప్పుతూనే బయటికి పంపుతుంది, నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు వాసన సరిగ్గా పట్టలేదు. మామూలుగా దాని ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. నాలుక వెడల్పై, నడక తడబడితే పని వెంటనే ఆపి, నీడకు తీసుకెళ్లి చల్లటి నీళ్లతో తడిపి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తు. బంతి పిచ్చి ఉన్న కుక్క తనంతట తాను ఆగదు.

ఎన్నాళ్లకు ట్రైనర్‌ని అవుతానన్నావు. ఒక కుక్కను పిల్లప్పటి నుంచి రిటైరయ్యే దాకా చూడు, దాంతో పాటు ఒకదానికొకటి పోలిక లేని కుక్కలను చాలా చూడు, ఆ మాట అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా నోట్‌బుక్ పెట్టు. ఏ రోజు, ఎక్కడ, గాలి ఎలా ఉంది, ఎంతసేపట్లో దొరికింది, ఏం తప్పింది, అన్నీ రాయి.

ఫీజు కట్టే ముందు నువ్వు చేరాలనుకుంటున్న కెన్నెల్‌కు చెప్పకుండా ఒకసారి వెళ్లి చూసి రా. నీళ్ల గిన్నెలు ఎలా ఉన్నాయి, ట్రైనర్ లోపలికి రాగానే కుక్కలు ముందుకొస్తున్నాయా వెనక్కి తగ్గుతున్నాయా, పనికి రాని వయసొచ్చిన కుక్కలను ఏం చేస్తున్నారు, ఈ మూడూ కనుక్కుని నాకు రాయి. చేరాలో వద్దో ఆ తర్వాత నిర్ణయించుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య