వంతెన ఎక్కితే వణికే కారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడు సిలిండర్ల ఒక లీటరు టర్బో పెట్రోల్ కారు, ఐదేళ్లయింది, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్ళో తిరిగినంతసేపూ బండి బంగారం, బండి ఆపి ఇంజన్ నడుస్తుండగా, అంటే ఐడిల్‌లో చిన్న వణుకు కూడా ఉండదు. ఇంటిల్లిపాదీ ఎక్కి ఏసీ వేసుకుని పాలకొల్లు వైపు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కామంటే మాత్రం మూడో గేర్లో సగం దూరం వచ్చేసరికి టకటకా కొట్టుకుని పికప్ చచ్చిపోయి ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది, కాలు తీసేస్తే మళ్ళీ మామూలే. స్కానర్ పెడితే పి0302 అని వచ్చింది. ప్లగ్గులు మూడూ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు, ఎయిర్ ఫిల్టర్ కొత్తదేశారు, అన్నీ ఒకే రోజు. పది రోజులు బ్రహ్మాండంగా నడిచి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ప్లగ్గులు మార్చారు, ఈసారి రెండు వారాలు ఆగింది. ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ మీటరు పెట్టి చూసి బానే ఉన్నాయన్నారు. ఇప్పుడు ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, దింపి వాల్వులు చూడాలి, 40 వేల దాకా అవుద్ది అంటున్నారు. దింపించమంటారా?

జవాబు: వద్దండి, ఇప్పుడప్పుడే దింపించొద్దు. మీ ఉత్తరంలోనే సగం జబ్బు దొరికిపోయింది, మీరు గమనించలేదంతే. ఐడిల్ శుభ్రంగా ఉంది, లోడు పడితేనే మిస్సింగ్ (సిలిండర్లో పెట్రోలు మండకుండా తప్పిపోవడం), ప్లగ్గు మారిస్తే పది రోజులు బాగుంది. ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. వాల్వు కాలిపోయో రింగులు అరిగిపోయో కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపట్టే బలం, పోయిన సిలిండరైతే ఐడిల్‌లోనే ముందు తెలిసిపోద్ది, బండి నిలబడి ఉన్నా కుంటుతుంది, పైగా కొత్త ప్లగ్గు వేసినంత మాత్రాన పది రోజులు నయమైపోదు కదా.

అసలు టర్బో బండిలో లోడు మీదే ఎందుకొస్తుందో ముందు చెప్తాను. కాలు గట్టిగా తొక్కినప్పుడు టర్బో గాలిని నొక్కి సిలిండర్లోకి పంపుతుంది, దీన్నే బూస్ట్ అంటారు, మామూలు గాలికి దాదాపు రెట్టింపు ఒత్తిడి దాకా వెళ్ళే బళ్ళున్నాయి. గాలి ఎంత చిక్కబడితే ప్లగ్గు సందులోంచి నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి, అంటే ఐడిల్‌లో సునాయాసంగా దూకేసే స్పార్కు బూస్ట్ వచ్చేసరికి వేల వోల్టులు అదనంగా అడుగుతుంది, అప్పుడు ఆ కరెంటు తేలికైన దారి ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. కాయిల్ కింద ఉండే రబ్బరు బూటుకి వెంట్రుకంత చీలిక ఉన్నా, ప్లగ్గు పింగాణీ మీద నూనె మరకో తేమో ఉన్నా, సందు దూకడం మానేసి పక్కనుంచి బాడీకి జారిపోతుంది. లోపల పెట్రోలు మండదు. మన డెల్టా నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది, గట్టు రోడ్ల మీద 50లో పోయే బండికి ఫుల్ బూస్ట్ అవసరమే పడదు, అందుకని ఇలాంటి లోపం నెలల తరబడి లోపలే దాక్కుని ఏ సిద్ధాంతం ఊరి వంతెనో చించినాడ వంతెనో ఎక్కిన రోజున బయటపడుతుంది. ఊళ్ళో రెండు రౌండ్లు కొట్టి బండి బానే ఉందండీ అనే మెకానిక్ అబద్ధం చెప్పట్లేదు, జబ్బు కనపడే చోటికి వెళ్ళలేదు అంతే.

ఇక పి0302 సంగతి. చాలామంది ఆ కోడ్ చూసి ఫలానా పార్టు పోయిందని అనుకుంటారు. అది పార్టు పేరు కాదండి, సిలిండర్ నంబరు మాత్రమే. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 25 సార్లు మండాలి, ఒకటి తప్పితే పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, ఆ క్షణంలో కొంచెం నెమ్మదిస్తుంది, క్రాంక్ సెన్సర్ దాన్ని పట్టుకుని రెండో సిలిండర్ మండలేదు అని కంప్యూటర్‌కి చెప్తుంది. ఎందుకు మండలేదో దానికి తెలీదు, అది మనం కనుక్కోవాలి. మీకు ఒక్క రెండో సిలిండరే చూపిస్తోంది కాబట్టి పంపు, పెట్రోలు క్వాలిటీ, బూస్ట్ పైపు లీకు లాంటివి కాస్త పక్కన పెట్టొచ్చు, అవి అన్ని సిలిండర్లకీ కలిపి వచ్చే జబ్బులు, వాటికి ఎక్కువగా ఏ ఒక్క సిలిండర్నీ వేలెత్తి చూపని పి0300 పడుతుంది.

నా అనుమానమంతా రెండో సిలిండర్ కాయిల్ బూటు మీద. ప్లగ్గు పీకినప్పుడు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నిలువుగా నల్ల గీత ఉందేమో చూడండి, పాత ప్లగ్గులు పారెయ్యకపోతే అవి కూడా తీసి చూడండి. కరెంటు పక్కనుంచి జారిన దారి అది. ఆ గీతకి జోడీగా బూటు లోపల కూడా ఒక గీత కాలి ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి ఆ బూటే మళ్ళీ తొడిగితే, బూటు మీద గీత కొత్త పింగాణీ మీద కూడా మెల్లిగా దారి కాల్చేస్తుంది, దానికి పట్టే టైమే మీ పది రోజులూ రెండు వారాలూ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాయిల్‌కి మీటరు పెట్టి చూశాం అన్నారు, మీటరు తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పనిచేసే వస్తువు, బూస్ట్‌లో కాయిల్ తియ్యాల్సింది 20, 30 వేల వోల్టులు, ఆ రీడింగ్ బాగుందంటే కాయిల్ బాగుందని కాదు.

పరీక్ష మాత్రం ఖర్చు లేనిది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టండి. ఇంకేమీ ముట్టుకోవద్దు, ప్లగ్గులు ఎక్కడివక్కడే ఉండాలి. కోడ్ చెరిపేసి అదే వంతెన, అదే మూడో గేరు, అదే జనం, అదే ఏసీ. ఇప్పుడు పి0303 పడిందంటే జబ్బు కాయిల్‌తో పాటు నడిచెళ్ళింది, తేలిపోయింది. పి0302 అక్కడే కూర్చుంటే కాయిల్స్ అలాగే ఉంచి రెండో ప్లగ్గు మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో వేసి చూడండి. అదీ కదలకపోతే ఇంజెక్టర్ వంతు, కానీ మీది పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే ఇంట్లో ముట్టుకోకండి, ఆ లైన్లో 100 బార్ పైన ఒత్తిడి ఉంటుంది, అది తెలిసినవాళ్ళే తియ్యాలి. ఒక్కొక్కటే మార్చాలండి. మొదటిరోజు నాలుగు పనులు కలిపి చేసేశారు, బండి బాగుపడింది, దేనివల్ల బాగుపడిందో మీకూ తెలీదు మెకానిక్కీ తెలీదు, ఆ రోజు పెట్టిన డబ్బులకి మనకి వచ్చిన సమాచారం సున్నా, నాకు బాధ కలిగించేది అదే.

కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గొయ్యిలో టార్చి వేసి చూడండి. నూనె ఉంటే ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్, ప్యాకింగ్ లీకవుతోంది, ఆ నూనెలో నానిన రబ్బరు మెత్తబడి చీలుతుంది, ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ మారిస్తే కొన్నాళ్ళకి మళ్ళీ ఇదే కథ. కాయిల్‌కి వైరు తగిలించే కనెక్టర్ కూడా చూడండి, సముద్రం గాలి తగిలే ఊళ్ళు కదా మనవి, లోపల పిన్నుల మీద పచ్చగా చిలుం పడుతుంది, వేడికి పెళుసైపోయిన లాక్ విరిగి పిన్ను వదులుగా ఆడుతుంది. పక్కన ధాన్యం బస్తాలుంటే ఎలకలు వైరు కొరికాయేమో కూడా.

ప్లగ్గుల గ్యాపు కొలిచారా అని అడగండి. కొత్త ప్లగ్గంటే సరైన ప్లగ్గని కాదు. టర్బో ఇంజన్లలో చాలావాటికి 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర అడుగుతారు, టర్బో లేనివాటికి 1 దాటినవి చాలా ఉన్నాయి, మర సరిపోయింది కదా అని కౌంటర్లో ఇచ్చింది బిగించేస్తే ఐడిల్‌లో ఏ తేడా తెలీదు, వంతెన మీద తెలుస్తుంది. మాన్యువల్‌లో ఉన్న నంబరు చూసి అదే అడగండి.

ఇవన్నీ అయ్యాక కూడా రెండో సిలిండర్ కదలకపోతే అప్పుడు కంప్రెషన్ టెస్టు, ఆ తర్వాత సిలిండర్లోకి గాలి పెట్టి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్టు చేయించండి, హెడ్డు మీద చెయ్యి వేసేది ఆ అంకెలు చూశాకే. ఇంకోటి, లైటు మిణుకుమంటోంటే కాలు వెంటనే తీసెయ్యండి, మండని పెట్రోలు సైలెన్సర్ లైన్లోకెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేస్తుంది, అది పోతే కాయిల్ రేటుకి ఎన్నో రెట్లు. వంతెన కూడా తక్కువ ఆర్‌పీఎంలో ఈడ్చుకుంటూ ఎక్కించకుండా గేరు తగ్గించి ఎక్కించండి, చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ స్పీడు మీద ఎక్కువ లోడు పడితే స్పార్కు కంటే ముందే మంట అంటుకుని పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. 2020లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్పీ గ్రేడు ఇంజన్ ఆయిల్ ఆ ఇబ్బందిని కూడా లెక్కలో పెట్టుకుని తయారైంది, డబ్బా మీద చూసుకుని మాన్యువల్ చెప్పిన గ్రేడు పోయించండి.

ప్రశ్న: మాది యానాం అండి. మాదీ టర్బో పెట్రోలే. వానాకాలం వచ్చిందంటే పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ ఊగిపోతుంది, పది నిమిషాలకి తగ్గిపోతుంది, ఎండాకాలం అసలు రాదు. మా వారు తేమకి అలాగే ఉంటుందిలే అంటున్నారు.

జవాబు: అమ్మా, తేమే అయ్యుండొచ్చు, కానీ చూడకుండా అనుకోవద్దు. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజన్ నడుస్తుండగా కాయిల్స్ చుట్టూ మంచులా నీళ్ళు స్ప్రే చేయించండి, చెయ్యి దూరంగా ఉంచి, తిరిగే బెల్టుల దగ్గరికి చీర కొంగు వెళ్ళకుండా. నీలంగా మెరుపులు కనపడ్డా ఊగుడు మొదలైనా కాయిల్ బూటు చీలిందన్నమాటే. ఏమీ కనపడకపోతే కూలెంట్ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి రోజూ పొద్దున్నే చల్ల ఇంజన్ మీద చూడండి. మట్టం తగ్గుతూ బయట ఎక్కడా తడి కనపడలేదంటే రాత్రంతా సిలిండర్లోకి కూలెంట్ చెమ్మగిల్లుతోందేమో, స్టార్ట్ చేసినప్పుడు తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తుంది, అది హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డు కింద ఉండే ప్యాకింగ్, పోయిన లక్షణం. అలాగైతే బండి ఇంక తిప్పకుండా ఆ వారంలోనే చూపించండి.