ఎంపీసీ చదివి నర్సింగ్‌కు: చీటీ పాడాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని, జీతం 21,000. అమీర్‌పేట హాస్టల్‌కు 7,000, ఇంటికి 6,000, లక్ష రూపాయల చీటీకి 5,000 పోతాయి. తమ్ముడి చదువు వచ్చే ఏడాది అయిపోతుంది. నాకు బీఎస్సీ నర్సింగ్ చేయాలనుంది. బయాలజీ లేకపోయినా సీటు ఇప్పిస్తానని ఒకాయన 60,000 అడ్వాన్స్ అడుగుతున్నాడు. చీటీ పాడి కట్టేయనా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడు చీటీ పాడకండి. ఇప్పుడు పాడితే తగ్గింపు పోగా తక్కువే చేతికొస్తుంది, మిగతా వాయిదాలు మాత్రం కట్టాల్సిందే. పైగా ఆ 60,000 దేనికి? బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, మూడూ కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. అడ్వాన్స్ కడితే మెమోలోకి బయాలజీ రాదు. రేపు నర్సుగా రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కునేది మీరే, ఆయన కాదు.

నిజానికి మీకు తక్కువైంది ఒక్క సబ్జెక్టే. ఎన్ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్‌లో, బయాలజీ ఒక్కటే విడిగా రాయొచ్చు. పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి జరుగుతాయి. ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి, డ్యూటీ షిఫ్టులు ముందే మార్పించుకోండి. ఓపెన్ స్కూల్ సైన్సును కౌన్సిల్ ఒప్పుకుంటుంది. అయితే రెండు బోర్డుల మెమోలు కలిపి చూస్తారా అని తెలంగాణలో నర్సింగ్ అడ్మిషన్లు చూసే కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే ఎన్ఐఓఎస్ ఫీజు కట్టండి. ఫోన్‌లో ‘ఏం పర్లేదమ్మా’ అంటే లెక్కలోకి రాదు.

కాలేజీ ఫీజు గురించి అంత టెన్షన్ వద్దు. ఎడ్యుకేషన్ లోన్‌లో సాధారణంగా 4 లక్షల దాకా మార్జిన్, అంటే మన వాటా డబ్బు, అడగరు, కోర్సు అయ్యాక మరో ఏడాది వరకు ఈఎంఐ మొదలవదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మీకు అసలు దెబ్బ జీతం ఆగిపోవడం. బీఎస్సీ 4 ఏళ్లు, పూర్తిగా కాలేజీలోనే. ఇంటికి పంపే 6,000 ఒక్కటే 48 నెలలకు 2,88,000 అవుతుంది. దానికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. చదువూ జీతమూ కలిసి నడిచేది బయాలజీ చదివే ఈ ఏడాదే, కాబట్టి ఉద్యోగం మానకండి.

జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ డిప్లొమా, పేరు చెబితే చాలామంది మొహం చిట్లిస్తారు, నేను చిట్లించను. 3 ఏళ్ల కోర్సు, ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతంతో ఇంగ్లిష్ పాసైతే చాలు. ఆ తర్వాత జీఎన్ఎం చేసినవాళ్ల కోసం 2 ఏళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. బయాలజీకి ఏడాది, బీఎస్సీకి 4, ఈ లెక్కన అటూ 5 ఏళ్లే, ఇటూ 5 ఏళ్లే. కాకపోతే ఇటు మూడేళ్లకే నర్సు జీతం మొదలవుతుంది, మిగతా రెండేళ్లు మీ వీలును బట్టి. ఏ దారిలో వెళ్లినా కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.

తమ్ముడితో ఈ వారమే కూర్చుని మాట్లాడండి. ఆ 6,000 తను చూసుకుంటానంటే, మీ చేతికి బయాలజీ మెమో, చీటీ పూర్తయ్యాక దాని డబ్బు వస్తే బీఎస్సీకి వెళ్లండి. ఈ మూడింటిలో ఏది తప్పినా జీఎన్ఎం.