మొదటి కథల పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే ముందు ప్రూఫు సంగతి చూడండి

బొబ్బిలి నుంచి మీరు అడిగింది చదివాను. పన్నెండు కథలు ఉన్నాయి, ఒక కంపెనీ ప్యాకేజీ కింద నలభై వేలు అడుగుతోంది, పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కూడా వాళ్లే ఇస్తామంటున్నారు, కట్టమంటారా అన్నారు. తొందరపడి కట్టొద్దండి. మాది పలాస. 2018లో నా మొదటి కథల పుస్తకం నేనే వేసుకున్నాను.

ఐఎస్‌బీఎన్‌కి మన దేశంలో పైసా కట్టక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కంపెనీ ద్వారా తీసుకుంటే పబ్లిషరుగా వాళ్ల పేరు నమోదవుతుంది. కాపీరైటు మీరు కథ రాసినప్పుడే మీది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అందుకే ఒప్పందంలో ఆ హక్కు గురించి ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టకండి.

అసలు కష్టమంతా ప్రూఫుల దగ్గర, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దుకునే పేజీల దగ్గర ఉంది. మీరు కథలు ఫోన్‌లో టైపు చేశానన్నారు, అంటే యూనికోడ్. మన ఊళ్లలో కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో చేస్తారు. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. నాకైతే కొన్నిచోట్ల ఒత్తు పక్క అక్షరం కిందకు పోయింది, కొన్నిచోట్ల అసలు మాయమైంది. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లు దొరికితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. బేరం మాట్లాడే ముందే ఈ సంగతి అడగండి.

ఇంకొకటి. నా ప్రూఫులు చూసినాయన ఎంతో శ్రద్ధగా ‘ఏటి’ అన్నచోటల్లా ‘ఏమిటి’ అని, ‘గుంటడు’ని ‘కుర్రాడు’ అని, ‘ఒగ్గేసినాడు’ని ‘వదిలేశాడు’ అని దిద్దేశారు. తప్పు ఆయనది కాదు, నేను ముందు చెప్పలేదు. ఆ రాత్రి కూర్చుని చదివితే కథలో మా అమ్మ గొంతే వినపడలేదు. చాలా బాధేసింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఇక్కడే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. అలాంటి చోట మన మాటను మనమే చెరిపేసుకోవడం నాకు మనసొప్పలేదు. అన్నీ మళ్లీ వెనక్కి మార్పించడానికి మూడు వారాలు పట్టింది. మీ కథల్లో ముట్టుకోకూడని మాటలు ఒక కాగితం మీద రాసి, ఫైలుతో పాటే ఇచ్చేయండి. ప్రూఫులు ప్రింటు తీసుకునే చూడండి, కనీసం మూడుసార్లు. అందులో ఒకసారి పైకి చదవండి. చివరిసారి మాత్రం మీ కథలు అంతకుముందు చదవని మనిషి చూడాలి. మన రాత మనకి కంఠతా వచ్చేసి ఉంటుంది కదా, తప్పు ఎదురుగా ఉన్నా కనపడదు.

కాపీల విషయానికొస్తే, అందరూ వెయ్యి వేస్తారని నేనూ వెయ్యి వేశాను. ఆఫ్‌సెట్ ప్రింటింగులో ఎక్కువ వేసేకొద్దీ కాపీ ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను మా మీదకే వచ్చింది. నేల మీద పెట్టిన అట్టపెట్టెల్లోకి నీళ్లు చేరి, ఎవరూ తెరవని పుస్తకాలు అట్టలు ఊడిపోయి ముద్దయిపోయాయి. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో వంద, రెండు వందలు కూడా వేస్తున్నారు. కాపీకి కొంచెం ఎక్కువ పడినా అలాగే వేయించండి, చాలకపోతే మళ్లీ వేసుకోవచ్చు. ధర పెట్టేటప్పుడు షాపు కమిషన్ లెక్కలో వేసుకోండి. నన్ను నలభై శాతం అడిగారు. నావి ఎక్కువ కాపీలు చేతి మీదుగానే, తెలిసినవాళ్ల ద్వారానే వెళ్లాయి.

పుస్తకం వచ్చాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ 30 రోజుల్లో మన ఖర్చుతోనే పంపాలి. శ్రీకాకుళం కథానిలయానికి మాత్రం పోస్టులో పంపకండి, రాజాం మీదుగా బస్సెక్కి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన చోటు అది. అక్కడి బీరువాల ముందు ఒక గంట నిలబడండి.

ఈలోగా మొదటి కథ పేజీలు కట్టించి నాకు పంపండి. ఒత్తులు నేను చూసిపెడతాను.