జీడీపీ పెరిగితే పొగ కూడా పెరగాల్సిందేనా?

ప్రశ్న: దేశం ఎదిగితే కార్బన్ ఉద్గారాలు పెరగక తప్పదని మా ఎకనామిక్స్ లెక్చరర్ అంటున్నారు. పేపర్లలో చూస్తే 2030కల్లా మన దేశం 45 శాతం తగ్గిస్తుందని రాస్తున్నారు. ఏది నమ్మాలి సార్?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పేపరువాళ్లు ఒక ముక్క మింగేశారు బాబూ. తగ్గిస్తామన్నది మొత్తం ఉద్గారాలను కాదు, జీడీపీలో ఒక్కో రూపాయికి వచ్చే ఉద్గారాలను, అదీ 2005తో పోల్చి. 2020 నాటికే ఆ లెక్క 36 శాతం తగ్గిందని ప్రభుత్వం చెప్పింది. అదే కాలంలో మొత్తం మాత్రం పెరిగింది. రూపాయికి పొగ తగ్గిన దానికన్నా రూపాయలు ఎక్కువ పెరిగాయి మరి!

జపాన్‌కు చెందిన ఇంధన ఆర్థికవేత్త యోయిచి కాయా దీన్ని గుణకారంగా రాశాడు: జనాభా, తలసరి ఆదాయం, రూపాయి సంపాదనకు పట్టే ఇంధనం, ఆ ఇంధనంలోంచి వచ్చే కార్బన్. మొదటి రెండూ మన దగ్గర ఇంకా పెరిగేవే. మన తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి 2 టన్నుల చిల్లర, అమెరికాలో 14 టన్నుల దాకా. ఇక మనల్ని ఎదగొద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

మూడోదానికి మీ జిల్లానే చూడు. 2014లో గుంటూరు జిల్లాలో పాత బల్బులు తీసుకుని ఎల్ఈడీలు ఇచ్చారు, మీ అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. 60 వాట్ల బల్బు పోయి 7 వాట్లది వచ్చింది. రెండు బల్బులు ఐదు గంటలు వెలిగితే అర యూనిట్ మిగులు. ఆదాయం పెరిగాక ఇంటికి ఏసీ వచ్చింది. మే నెలలో టన్నున్నర ఏసీ రాత్రంతా వేస్తే ఎనిమిది యూనిట్లయినా లాగుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, రాత్రికి ఐదున్నర కిలోలు. బల్బుల పొదుపు ఏ మూలకి?

నేను ఇబ్రహీంపట్నం వీటీపీఎస్‌లో (విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం) పనిచేసి రిటైరైనవాణ్ణి, బొగ్గు మీద కాస్త అభిమానం పోలేదు. 2023లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ పాత 210 మెగావాట్లవాటికన్నా తక్కువ బొగ్గుతో యూనిట్ కరెంటు ఇస్తుంది. అయినా అది బొగ్గే. అసలు తేడా తెచ్చేది నాలుగో అంకె, అంటే ఇంధనంలోంచి వచ్చే కార్బన్. బ్రిటన్ 1990 నుంచి ఉద్గారాలను సగానికి తెచ్చింది, ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరుగుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో చివరి బొగ్గు కేంద్రాన్నీ మూసేసింది. కొన్ని ఫ్యాక్టరీలు చైనాకు తరలిపోయిన సంగతి కూడా ఆ లెక్కలో ఉందనుకో. అంచేత మీ లెక్చరర్ గారి మాట ఇవాళ్టి మన దేశానికి సరిపోతుంది, ‘తప్పదు’ అనడమే ఎక్కువ.

మనకున్న చిక్కల్లా, సోలార్ కరెంటు పగలొస్తుంది, ఏసీ రాత్రి తిరుగుతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు పెట్టింది అందుకే.