ఆదివారం కూర్చోబోయే ముందు

చిత్తూరు

చిన్నీ,

మీ నాయన నిన్న రాత్రి ఫోన్ చేశాడు. సగం సేపు తోతాపురి ధర పడిపోయిందని ఏడ్చాడు, మిగతా సగం నీ గురించి. తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర గది చూసుకున్నావట. ఆదివారాలు ఈటింగ్ డిజార్డర్‌తో, అంటే తిండి దగ్గర మనసు తిరగబడే జబ్బుతో, అవస్థ పడుతున్న పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడతావట. "అది కోలుకుని ఎన్నాళ్ళయిందని, అప్పుడే ఊరికి ఉపకారం?" అన్నాడు. వాడి మీద గట్టిగానే అరిచాను. ఫోన్ పెట్టేశాక అదే మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అట్లాగని గర్వం లేదనుకోకు. మన ఇంట్లో ఈ జబ్బును పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషివి నువ్వు. నాకు వచ్చినప్పుడు మీ అవ్వ దిష్టి అనింది, తాత పొగరు అన్నాడు, డాక్టర్లు టీబీ ఏమోనని ఎక్స్‌రేలు తీశారు.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. చెప్పినా వినే రకం కాదు నువ్వు, మీ నాయన పోలిక.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. డబ్బు తీసుకోకు. తలుపు మీద బోర్డు పెట్టకు. తిరుపతి ఎంత పెరిగినా హాస్టల్ పిల్లల కబుర్లు సాయంత్రానికి ఇళ్ళకు చేరతాయి, అక్కణ్ణుంచి పెళ్ళి సంబంధాల దాకా పోతాయి. గదిలో విన్నది గదిలోనే ఉండాలని మొదటి రోజే చెప్పు. ప్రాణం మీదికి వచ్చేటట్టుంటే మాత్రం దాచనని కూడా అప్పుడే చెప్పు. 18 నిండని వాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసే రావాలి. మగపిల్లలు వస్తే తిప్పి పంపకు. జిమ్ములో కండల కోసం మొదలుపెట్టి తిండి దగ్గర ఇరుక్కుపోయిన వాళ్ళు ఉన్నారు, వాళ్ళకు చెప్పుకోవాలంటే ఇంకా సిగ్గు. ఒక్కదానివే నడపకు, తోడుగా ఇంకొకరిని పెట్టుకో.

ఇక అసలు విషయం. నా కథ నీకు సగమే తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో నన్ను వేరే ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చారు. ఏ ఆసుపత్రో ఇప్పుడు అనవసరం. అక్కడి డాక్టరమ్మే నాకున్నదేమిటో మొదట గుర్తుపట్టింది. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. తిండి మానేసి చిక్కిపోయే జబ్బుకు అనొరెక్సియా అనే పేరు 1873 నుంచీ వైద్యుల పుస్తకాల్లో ఉంది, అతిగా తినేసి కక్కేసుకునే బులీమియాకు లండన్‌లో ఒక డాక్టరు పేరు పెట్టింది 1979లో. కానీ ఇవి తెల్లవాళ్ళ పిల్లలకు వచ్చే జబ్బులని, సంగటి తిని పెరిగిన వాళ్ళకు రావని ఇక్కడ అందరి నమ్మకం. డాక్టరమ్మ మందులతో ఆగలేదు. అంతకుముందు ఇదే జబ్బుతో తన దగ్గరికి వచ్చి బాగుపడిన ఒకావిడను నా కోసం పిలిపించింది. ఇప్పుడు నువ్వు పీర్ సపోర్ట్ అంటున్నావే, అదే.

ఆవిడ నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బ్యాగులోంచి ఫోటో తీసింది, జబ్బు ముదిరినప్పటిది. అప్పటి తన బరువెంతో చెప్పింది. రోజుకు ఎంత తిని గడిపిందో, ఇంట్లోవాళ్ళ కళ్ళు ఎట్లా కప్పిందో ఒక్కొక్కటే వివరంగా చెప్పింది. నన్ను భయపెట్టి దారికి తెద్దామని ఆవిడ ఆశ. మంచి మనిషి. ఇప్పటికీ అదే అంటాను. కానీ చేసింది మాత్రం పెద్ద పొరపాటు.

ఆవిడ చెప్పిన వాటిలో నా చెవికెక్కింది ఒక్క అంకె. నేను ఇంకా అంత దూరం పోలేదు కదా అనుకున్నాను. అంటే నాది జబ్బే కాదు. జబ్బే అయినా చిన్నది, చిన్నదానికి ఇంత హడావుడి ఎందుకు? దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గే. ఆవిడ చేయగలిగింది నేను చేయలేనా అనే రోషం. బయటివాళ్ళకు చెబితే పిచ్చి అంటారు. నువ్వు అనవు. ఆవిడ ఇంట్లోవాళ్ళను ఏమార్చిన తీరు చెబుతుంటే నేను భయపడలేదు, శ్రద్ధగా నేర్చుకున్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అవన్నీ పనికొచ్చాయి నాకు. కోలుకోవడం అట్లా ఏళ్ళు వెనక్కి పోయింది. ఆ అంకె నీకు కూడా చెప్పను. ఇన్నేళ్ళయినా నాకు గుర్తుంది, అది చాలు.

అదే రోజు మధ్యాహ్నం వార్డులోకి భోజనం వచ్చింది. అన్నం, పప్పు, మజ్జిగ. ఆవిడ వెళ్ళిపోకుండా తనకూ ఒక కంచం అడిగింది. మొదటి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను. ఆ ఆగడం ఎందుకో నాకు తెలుసు. ఆగింది, తర్వాత తినింది. తింటూ కంచిలో పట్టుచీర బేరమాడిన కథ ఏదో చెప్పింది, నా కంచం వైపు మాత్రం చూడలేదు. బాగుపడిన మనిషికి కూడా చెయ్యి ఆగుతుందని, ఆగినా తినొచ్చని నాకు ఆ పూట తెలిసింది. అది ఏ డాక్టరూ చూపించలేకపోయింది, ఎందుకంటే వాళ్ళకు అన్నం ముందు చెయ్యి ఆగదు. పొద్దున ఆవిడ చెప్పిన కథ నాకు చెరుపు చేసింది, మధ్యాహ్నం ఆవిడ తిన్న అన్నం మేలు చేసింది. రెండూ చేసింది ఒకే మనిషి. నీ గురించి నా టెన్షన్ అంతా ఇక్కడే ఉంది.

కాబట్టి ఆ గదిలో బరువులు, నడుం కొలతలు, కేలరీలు వినపడకూడదు. పాత ఫోటోలు, కొత్త ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించడం వద్దు. ఏమి చేశావో, ఎట్లా దాచావో చెప్పకు. ఎవరైనా మొదలుపెడితే మెల్లగా ఆపు, "అది వద్దులే, అప్పుడు నీకెట్లా అనిపించిందో చెప్పు" అను. నా అనుభవం నేను చెప్పుకుంటే తప్పేంటి అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. చెప్పుకో. మొదట ఎవరికి చెప్పావో చెప్పు. చెప్పడానికి నోరు ఎట్లా పెగిలిందో చెప్పు. ఒళ్ళు తిరిగి వస్తున్న రోజుల్లో మీ పిన్ని పెళ్ళిపందిట్లో అందరి ముందూ "బాగా ఒళ్ళు చేశావే" అంటే, బాత్రూంలోకి పోయి ఏడ్చి వచ్చి మళ్ళీ పంక్తిలో కూర్చున్నావు చూడు, అది చెప్పు. ఆ మధ్యకాలం గురించి ఎవరూ చెప్పరు. జబ్బు ముదరడం గురించి చెబుతారు, బాగుపడ్డాక నవ్వడం గురించి చెబుతారు. బరువు సరిపోయినా మనసు ఇంకా సరిపోని ఆ రోజులు ఎట్లా ఈదాలో ఆ పిల్లలకు తెలియాలి. వీలైతే టిఫిన్ వేళకు కలవండి, నలుగురూ కలిసి తినండి. ఎవరి ప్లేటు వాళ్ళది. "బాగా తిన్నావే" అని మెచ్చుకోవడం కూడా వద్దు, అది వాళ్ళ చెవికి ఇంకోలా వినపడుతుంది.

మన ఊళ్ళతో ఇంకో తంటా ఉంది. ఇక్కడ ఈ జబ్బు దేవుడి చాటున దాక్కుంటుంది. శనివారం ఒక్కపొద్దు అంటే ఎవరు కాదంటారు? దానికి సోమవారం కలుస్తుంది, తర్వాత గురువారం. మొక్కు అంటే అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు ఎండలో ఎక్కినా భక్తి అని దండం పెడతారు. నువ్వు మళ్ళీ మళ్ళీ మెట్లెక్కుతుంటే మీ అమ్మ వీధంతా చెప్పుకుని మురిసింది. పాపం, ఆమెకేం తెలుసు. నాకు మాత్రం రెండోసారికే అనుమానం వచ్చింది. కొండ మీద తరిగొండ వెంగమాంబ పేరుతో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడుతున్నారే, ఆ స్వామి నిన్ను కడుపు మాడ్చుకోమన్నాడా అని అడగాలనిపించింది. అడగలేదు, మంచిపనే. నిలదీస్తే దాక్కోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటారు. భక్తిని తప్పుపట్టకుండా ఒక్కటి అడిగి చూడు: వ్రతం అయిపోయిన మర్నాడు నెమ్మదిగా తినగలుగుతున్నావా? ఉపవాసానికి పారణ ఉంటుంది. ఈ జబ్బుకు ఉండదు. ఇంకో సంగతి, మన పిల్లల్లో అందరూ లావైపోతానని భయం చెప్పరు. ఆకలి లేదంటారు, అరగదంటారు, కడుపు ఉబ్బరమంటారు. మన దేశపు మానసిక వైద్యులు ఈ సంగతి చాలాకాలం కిందటే రాశారు. లావు మాట ఎత్తలేదు కాబట్టి అది కాదులే అనుకోకు.

తల్లులు వస్తారు. వచ్చి "మొండితనం అమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే" అంటారు. వాళ్ళకు అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 1944–45లో జరిగిన ప్రయోగం గురించి చెప్పు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళు, తమంతట తామే ఒప్పుకుని, ఆరు నెలలు అరకడుపు తిండి మీద ఉన్నారు. ఆ మనుషులు పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు, కొందరు వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. తిండి లేకపోతే ఎవరి బుర్రయినా అట్లాగే మారుతుంది. మీ అవ్వ బతికుండగా నాకు ఈ సంగతి తెలిసి ఉంటే ఆమెకు చదివి వినిపించేదాన్ని. నా కూతురు పొగరుబోతని ఏడుస్తూనే పోయింది ఆమె.

ఇప్పుడు నా పెద్ద భయం. నవ్వకు. చాలాకాలం తినకుండా చిక్కిపోయిన పిల్లను చూస్తే మనవాళ్ళకు చేతులు ఊరుకోవు, నెయ్యి ముద్దలు, జున్ను, పాయసం కుక్కుతారు. నా పక్క మంచం పిల్లకు వాళ్ళ చిన్నమ్మ నర్సులకు తెలియకుండా స్వీట్లు తినిపించింది. రాత్రికి ఆ పిల్ల ఊపిరి అందక అల్లాడింది, డాక్టర్లు పరుగెత్తారు. బతికింది. ఒళ్ళు ఎండిపోయాక ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోయి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. రెండో ప్రపంచ యుద్ధం ఖైదీలు విడుదలై తినడం మొదలుపెట్టినప్పుడు డాక్టర్లు దీన్ని చూశారు. అలాంటి పిల్ల వస్తే "తిను తిను" అని నువ్వూ అనకు, ముందు ఆసుపత్రికి పంపు, ఎంత పెట్టాలో వాళ్ళు చెబుతారు. వాంతుల అలవాటు ఉన్నవాళ్ళు చూడడానికి మామూలుగా ఉంటారు, కానీ పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, కాళ్ళు చేతులు పట్టేసినా ఆదివారం దాకా ఆగే పని కాదు. తిరుపతిలోని రుయా ఆసుపత్రికి తీసుకుపో. ఇటు చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. అర్ధరాత్రి మనసు బాగా లేదని ఎవరైనా అంటే ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం ఉంది, టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించు. నువ్వు డాక్టరువి కావు, కావాలని ఎవరూ అడగలేదు.

వాట్సాప్ గ్రూపు పెడతావేమో. పెట్టే ముందు బాగా ఆలోచించు. పెట్టినా, రాత్రి పడుకున్నాక ఫోను వేరే గదిలో ఉండాలి. రెండింటికి ఎవరో ఏడుస్తారు, నువ్వు లేచి కూర్చుంటావు, పొద్దున తలనొప్పితో టిఫిన్ ఎగ్గొడతావు, పని ఉండిందత్తా అంటావు. నీది అట్లాగే మొదలైంది, గుర్తుందా? బీకాం పరీక్షల టైంలో. ఇంకొకరి కష్టం వింటుంటే తిండి మానాలనే మన పాత కోరిక నిద్ర లేస్తుంది. లేవడం తప్పేమీ కాదు, లేచిందని ఎవరికీ చెప్పకపోవడమే నాకు భయం. ఒక పిల్ల బాగుపడకపోతే అది నీ ఓటమి కాదు. ఈ మాట నీకు ఇప్పుడు ఎక్కదు. అయినా రాస్తున్నాను.

అందుకే మొదటి ఆదివారానికి ముందు ఒక మనిషిని ఎంచుకో. నువ్వు జారుతున్నావని తోస్తే "ఈ నెల ఆపు" అని చెప్పగలిగిన మనిషి, చెబితే నువ్వు వినే మనిషి. మీ అమ్మ వద్దు, ఆమె నువ్వు రెండు ప్లేట్లు తిన్నా నమ్మదు. నేనూ వద్దు, నువ్వు "తిన్నానత్తా" అంటే నేను నమ్మేస్తాను. నీ డాక్టరు ఒప్పుకుంటే అన్నిటికంటే మేలు. పేరు నాకు రాసి పంపు. అది వచ్చేదాకా గదికి అడ్వాన్స్ ఇవ్వకు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఎంత ఇచ్చావో చెప్పు, మీ నాయనకు తెలియకుండా నేను పంపుతాను.

మీ అత్త